ఇంట్లోనే సన్నటి పీసీబీ ట్రాక్‌లు: బోరు నీళ్ళ ఊళ్ళో ఎచింగ్ ఎలా చేయాలి

మీ చేతిలో 48 కాళ్ళ చిన్న మైక్రోకంట్రోలర్ ఐసీ ఉందనుకోండి. ఒక కాలి నుంచి పక్క కాలికి 0.5 మి.మీ. దాని కోసం పాడ్‌లు, అంటే కాళ్ళను అతికించే రాగి ముక్కలు, గీశాక రెండు పాడ్‌ల మధ్య మిగిలే ఖాళీ 0.2 మి.మీ. మూడు తల వెంట్రుకలు పక్కపక్కన పడుకోబెట్టినంత జాగా. ఇలాంటి ఐసీకి పీసీబీ, అంటే రాగి గీతలతో (ట్రాక్‌లతో) విడి భాగాలను కలిపే బోర్డు, ఇంట్లో కుదరదని చాలామంది మొదలుపెట్టకుండానే వదిలేస్తారు. కుదురుతుంది. అనంతపురంలో మిద్దె మీది గదిలో, ప్లాస్టిక్ ట్రేలతో నేను చేస్తున్నది అదే.

పది బోర్డులు కావాలంటే ఫైలు ఫ్యాక్టరీకి పంపేయండి, అదే మంచి దారి. కానీ ఒకే ఒక్క బోర్డు, అదీ ఈ సాయంత్రానికే కావాలంటే ఫ్యాక్టరీ పనికిరాదు. బోరు మోటరు ఆటో స్టార్టర్‌లో బోర్డు కాలిపోయింది, చేలో బుడ్డలు ఊడలు దిగే దశలో ఉన్నాయి, కరెంటేమో రాత్రికి వస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో ఎచింగ్ చేసుకోవడం, అంటే అక్కరలేని రాగిని ద్రావణంలో కరిగించి ట్రాక్‌లు మిగల్చడం, ఎంత విలువైనదో తెలుస్తుంది. కాలేజీ ప్రాజెక్టు చేసే పిల్లలకూ అంతే. ఉదయం గీసిన డిజైన్‌లోని తప్పు సాయంత్రానికల్లా కళ్ళ ముందు కనబడితే నేర్చుకునే వేగమే వేరు.

డిజైన్‌లోనే సగం పని

ఎచింగ్ ద్రావణం రాగిని కిందికి తింటూనే పక్కకూ తింటుంది. ట్రేలో చేసే ఎచింగ్‌లో కిందికి ఎంత తింటే పక్కకూ దాదాపు అంతే. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. కాబట్టి ప్రతి ట్రాక్ రెండు పక్కలా కలిపి సుమారు 0.07 మి.మీ. పోతుంది. మీరు 0.15 మి.మీ. గీస్తే మిగిలేది 0.08. కాస్త ఆలస్యమైతే అదీ ఉండదు. అదే 18 మైక్రాన్ల బోర్డయితే పోయేది 0.036 మాత్రమే. సన్నటి పనికి 18 మైక్రాన్ల బోర్డే కొనండి. షాపులో "హాఫ్ ఔన్స్" అని అడగాలి. మన దగ్గర దొరక్కపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డులో వెతకొచ్చు. గోధుమ రంగు పేపర్ ఫినాలిక్ బోర్డు వద్దు, పచ్చని గ్లాస్ ఎపాక్సీ బోర్డు తీసుకోండి. మందం 0.8 మి.మీ. అయితే లామినేషన్ మెషిన్‌లో సులభంగా దూరుతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ట్రాక్‌ల చుట్టూ ఉన్న రాగిని మొత్తం తీసేయకండి. కైక్యాడ్‌లో గానీ మీరు వాడే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో గానీ ఖాళీ జాగా అంతా గ్రౌండ్ రాగితో నింపి, ట్రాక్‌కూ ఆ రాగికీ మధ్య 0.3 మి.మీ. సందు మాత్రం వదలండి. విశాలమైన ఖాళీల్లో ద్రావణం ధారాళంగా ఆడుతుంది, అక్కడ రాగి ముందే పోతుంది. ఐసీ కాళ్ళ మధ్య ఇరుకు సందుల్లో మాత్రం నిదానంగా పోతుంది. ఆ సందులు తెరుచుకునేదాకా ఆగితే, అప్పటికే తెరుచుకున్న చోట ట్రాక్‌లు పక్కల నుంచి అరిగిపోతాయి. సందులన్నీ ఇంచుమించు ఒకే వెడల్పులో ఉంటే అన్నీ దాదాపు ఒకేసారి పూర్తవుతాయి. పైగా కరిగే రాగి తగ్గుతుంది. 100 మి.మీ. పొడవు, 80 మి.మీ. వెడల్పు ఉన్న 18 మైక్రాన్ల బోర్డు మీద రాగి మొత్తం 1.3 గ్రాములు. అందులో 70 శాతం బోర్డు మీదే నిలిపితే ట్రేలో కలిసేది 0.4 గ్రాములే. ఈ లెక్కతో చివర్లో మళ్ళీ పని ఉంది.

ప్రింటు

టోనర్ ట్రాన్స్‌ఫర్, అంటే కాగితం మీది ప్రింటును ఇస్త్రీ పెట్టెతో బోర్డు మీదికి ఎక్కించడం, 0.3 మి.మీ. వరకు బాగానే పనిచేస్తుంది. అంతకన్నా సన్నగా కావాలంటే డ్రై ఫిల్మ్‌కు రావాల్సిందే. ఇది నీలం రంగులో ఉండే పలుచటి పొర. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య చుట్టగా అమ్ముతారు. యూవీ (అతినీలలోహిత) వెలుగు తగిలిన చోట గట్టిపడుతుంది, తగలని చోట బట్టల సోడా కలిపిన నీళ్ళలో కరిగిపోతుంది. అందుకని నెగటివ్ ప్రింటు కావాలి. ట్రాక్‌లు పారదర్శకంగా, మిగతాదంతా నల్లగా ఉండాలి.

ప్రింటు జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద తీయించండి. లేజర్ ప్రింటు నలుపు దీపానికి అడ్డం పెడితే సూది బెజ్జాల్లా వెలుగు కనబడుతుంది. అలా ఉంటే రెండు ప్రింట్లు తీసుకుని, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదిర్చి టేపు వేయండి. ప్రింటును తిప్పి, అంటే అద్దంలో కనిపించినట్టు తీయించడం మరవకండి. ఇంకు ఉన్న వైపు ఫిల్మ్‌కు ఆనుకోవాలి. ఇంకు పైవైపు ఉండిపోతే షీటు మందంలో వెలుగు పక్కకు జారి, 0.2 సందు పూడుకుపోతుంది.

రాగిని శుభ్రం చేయడం

ఇంట్లో రాగి చెంబు చింతపండు, ఉప్పుతో తోమితే తళతళలాడుతుంది. బోర్డుకూ అదే చేద్దామనిపిస్తుంది. చింతపండు పులుపు నల్లటి పొరను తీసేస్తుంది గానీ వేళ్ళ జిడ్డును తీయదు. ఫిల్మ్‌కు జిడ్డే శత్రువు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో, డిష్‌వాష్ లిక్విడ్ వేసి, మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా రుద్దండి. కడిగి బోర్డును ఏటవాలుగా పట్టుకోండి. నీళ్ళు ఒకే పొరలా పరుచుకుని నిలబడాలి. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోయాయంటే అక్కడ జిడ్డుంది, మళ్ళీ రుద్దాలి. ఇక అక్కడి నుంచి బోర్డును అంచులతోనే పట్టుకోండి. ఎండాకాలంలో చెమట చేయి ఒక్కసారి తగిలినా ఆ వేలిముద్ర దగ్గర ఫిల్మ్ లేచిపోతుంది.

ఫిల్మ్ అతికించడం

ఈ పని సూర్యాస్తమయం తర్వాత పెట్టుకోండి. ఒకటి, కిటికీ వెలుగులోని యూవీ తప్పుతుంది. రెండు, ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగలు 40 డిగ్రీలు దాటుతుంది, ఫిల్మ్ మెత్తబడి ముడతలు పడుతుంది. గదిలో పసుపు గానీ ఎరుపు గానీ ఎల్ఈడీ బల్బు పెట్టుకుంటే చాలు. ఫిల్మ్ చుట్టను నల్ల కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి, లేదంటే లోపల చెమ్మ పడుతుంది.

ముక్క కత్తిరించి, ఒక మూలకు రెండు వైపులా సెల్లోటేపు అతికించి విడదీస్తే లోపలి ప్లాస్టిక్ పొర వస్తుంది. పై పొర అలాగే ఉండాలి. ఫిల్మ్‌ను ఒక అంచున ఆనించి, వేలితో నెమ్మదిగా నెడుతూ గాలి బుడగలు లేకుండా పరచండి. తర్వాత ఐడీ కార్డుల లామినేషన్ మెషిన్‌లో 100 నుంచి 110 డిగ్రీల దగ్గర మూడు నాలుగు సార్లు పోనివ్వండి. మెషిన్ లేకపోతే ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో పెట్టి, మధ్యలో కాగితం వేసి నొక్కొచ్చు. పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి.

వెలుగు ఎంతసేపు

గోళ్ళ పాలిష్ ఆరబెట్టే యూవీ ల్యాంపు సరిపోతుంది. బోర్డు మీద ప్రింటు, దాని మీద 4 మి.మీ. అద్దం, చుట్టూ క్లిప్పులు. షీటుకూ ఫిల్మ్‌కూ మధ్య గాలి ఉండకూడదు. ఎంతసేపు అన్నది ఎవరి ల్యాంపు వారిదే, ఇంకొకరు చెప్పిన సమయం నమ్మకండి. వృథా ముక్క మీద 0.1, 0.15, 0.2, 0.25 మి.మీ. గీతలున్న నమూనా పెట్టి, అట్టముక్కను 15 సెకన్లకోసారి జరుపుతూ మెట్లు మెట్లుగా వెలుగు చూపించండి. తక్కువైతే గీతలు సోడా నీళ్ళలోనే లేచిపోతాయి. ఎక్కువైతే సందులు పూడుకుపోతాయి. 0.15 గీత నిలిచి, దాని పక్కనున్న 0.15 సందూ తెరుచుకున్న మెట్టు ఏదో అదే మీ సమయం. దాన్ని ల్యాంపు మీద మార్కర్‌తో రాసేసుకోండి.

సోడా నీళ్ళు, నన్ను ఏడిపించిన తెల్ల పొర

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మన ఊళ్ళలో చేసేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

వెలుగు తగలని ఫిల్మ్‌ను కరిగించే ఈ సోడా నీళ్ళనే డెవలపర్ అంటారు. పెద్ద రసాయనమేమీ కాదు. బట్టల సోడా, అంటే వాషింగ్ సోడా, లీటరు నీళ్ళకు 10 గ్రాములు. వంట సోడా వేరు, అది పనిచేయదు. ఒక ఎండాకాలం నా బోర్డులు వరుసగా చెడిపోయాయి. ఎచింగ్ తర్వాత చూస్తే ఐసీ కాళ్ళ మధ్య రాగి చుక్కలు చుక్కలుగా మిగిలేది, అన్నీ షార్టే. ఫిల్మ్ పాతదైపోయిందనుకున్నాను. పొద్దున బస్సెక్కి బెంగళూరు వెళ్ళి కొత్త చుట్ట తెచ్చాను. అదీ అంతే. ల్యాంపు మార్చాను, సమయం మార్చాను, ప్రింటు మార్చాను. నెల గడిచిపోయింది.

ఒకరోజు డెవలపర్ ట్రేను కడగకుండా సింకు పక్కన పెట్టేశాను. ఆరాక దాని అడుగున తెల్లగా, గోకితే పొడిలా రాలే పొర కనిపించింది. అమ్మ దాన్ని వేలితో గీకి చూసి, "ఇదేమిరా, మన కుక్కర్లో పట్టే సున్నమే కదా!" అంది.

అదే. మా బోరు నీళ్ళలో కాల్షియం దండిగా ఉంటుంది. సోడా కలపగానే అది సున్నపురాయి పొడిగా విరిగి, కంటికి ఆనని మసకలా నీళ్ళలో తేలుతుంది. కరుగుతున్న ఫిల్మ్ జిగురుతో కలిసి ఇరుకు సందుల్లో అతుక్కుంటుంది. వెడల్పు సందుల్లో బ్రష్ దాన్ని ఊడ్చేస్తుంది. 0.2 సందులోకి బ్రష్ కుచ్చు దూరదు. మందపాటి ట్రాక్‌ల బోర్డులు అన్నేళ్ళూ ఎందుకు బాగా వచ్చాయో, సన్నటివి మాత్రమే ఎందుకు చెడాయో నాకు ఆ రోజు అర్థమైంది.

కాబట్టి డెవలపర్‌కు ఆర్వో క్యాన్ నీళ్ళే వాడండి. ఒక బోర్డుకు అర లీటరు చాలు. కలిపాక గ్లాసులో పోసి వెలుగుకు పెట్టి చూడండి, తేటగా ఉండాలి. పాలవిరుగుడులా మసకగా ఉంటే ఆ నీళ్ళు వద్దు. వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంచండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళంత వేడిగా ఉంటే సన్న గీతల అంచులు కరిగిపోతాయి.

ముందు ఫిల్మ్ పై ప్లాస్టిక్ పొర తీయండి. తొందరలో చాలామంది ఇది మరచిపోయి, ఎంతసేపు రుద్దినా కరగడం లేదని కంగారు పడతారు. బోర్డు ముంచి, మెత్తటి బ్రష్‌తో అన్ని దిక్కులా తేలిగ్గా ఆడించండి. ఒకటి నుంచి రెండు నిమిషాల్లో రాగి బయటపడుతుంది. వెంటనే ఒకసారి క్యాన్ నీళ్ళలో జాడించి, సోడా పోయాక అప్పుడు బోరు నీళ్ళతో కడగండి. ఇది తప్పుగా రాయలేదు. డ్రై ఫిల్మ్ కంపెనీలే చివరి కడుగుడుకు గట్టి నీళ్ళు వాడమంటాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఫిల్మ్ అంచులను గట్టిపరిచి, ఇంకా కరగకుండా ఆపుతాయి. సోడాలో కలిస్తే పాడుచేసే నీళ్ళే, కడగడానికి మన అదృష్టం.

ఇప్పుడు గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే లెన్సుతో ప్రతి సందూ చూడండి. కంటికి తెలియని పలుచటి పొర మిగిలిందేమోనని అనుమానమా? బోర్డును ఎచింగ్ ద్రావణంలో పది సెకన్లు ముంచి తీసి కడగండి. శుభ్రంగా ఉన్న రాగి మెరుపు పోయి, ఇటుక రంగులో మసకబారుతుంది. పొర మిగిలిన చోట ఇంకా మెరుస్తూనే ఉంటుంది. అలా మెరిసే చోటు కనబడితే మళ్ళీ అర నిమిషం సోడా నీళ్ళలో పెట్టి, కడిగి, మళ్ళీ చూడండి. ఈ పది సెకన్ల పరీక్ష నాకు ఎన్ని బోర్డులు కాపాడిందో!

ఎచింగ్

రాగిని తినే ఫెర్రిక్ క్లోరైడ్‌ను ద్రావణంగానే కొనడం మంచిది. గడ్డలుగా దొరికితే లీటరు నీళ్ళకు సుమారు 400 గ్రాములు. గడ్డలను నీళ్ళలోకి కొంచెం కొంచెంగా వేయాలి, గడ్డల మీద నీళ్ళు పోయకూడదు, కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, కిటికీలు తెరిచి. హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చేసే పద్ధతి వేగంగా ఉంటుంది గానీ దాని ఘాటుకు ఊపిరితిత్తులూ, గదిలోని ఇనుప పనిముట్లూ దెబ్బతింటాయి. ఇంట్లో నేను దాన్ని పెట్టను, మీరూ పెట్టొద్దు.

ట్రేను వంటింటి కడప బండ మీద పెట్టకండి. ఆ నల్ల బండ సున్నపురాయే. ఫెర్రిక్ క్లోరైడ్‌కు ఆమ్ల గుణం ఉంది, చుక్క పడితే బండ పొంగి గుంట పడుతుంది, పసుపు మరక కూడా పోదు. స్టీలు సింకునూ తింటుంది. పాత చెక్క స్టూలు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, ప్లాస్టిక్ ట్రే పెట్టుకోండి.

సన్నటి సందుల్లో ఇంకో చిక్కు ఉంది. కరిగిన చెత్త బురదలా సందు అడుగున కూర్చుని, కొత్త ద్రావణాన్ని లోపలికి రానివ్వదు. దానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మంచి మందు. మూడు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ నీళ్ళను నాలుగు పాళ్ళ ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణానికి ఒక పాలు చొప్పున కలపండి. రాగి చెక్కే చిత్రకారులు వాడే పద్ధతి ఇది, ఎడిన్‌బరో ఎచ్ అంటారు. బురద చాలావరకు ద్రావణంలోనే కరిగిపోతుంది.

ద్రావణం 40 నుంచి 45 డిగ్రీలు ఉండేలా, ట్రేను వేడినీళ్ళ బేసిన్‌లో పెట్టండి. మేలో అయితే ఎండలో కాసేపు పెట్టినా చాలు. ద్రావణంలో తడిపిన మెత్తటి స్పాంజితో బోర్డును గుండ్రంగా తుడుస్తూ ఉంటే ప్రతి సందుకూ కొత్త ద్రావణం అందుతుంది. 18 మైక్రాన్ల రాగి ఇలా ఐదారు నిమిషాల్లో పోతుంది. అంచుల దగ్గర ముందు తెరుచుకుంటుంది, మధ్యలో ఆలస్యం. కాబట్టి స్పాంజిని మధ్యలో కాస్త ఎక్కువ ఆడించండి. మూడో నిమిషం నుంచి అర నిమిషానికోసారి కడిగి లెన్సుతో చూడండి. చివరి సందు తెరుచుకోగానే తీసేయాలి. "ఇంకాసేపు ఉంచితే ఇంకా శుభ్రంగా వస్తుంది" అనుకుంటే గీత తెగుతుంది.

తర్వాతి పని సులువు. లీటరుకు 30 గ్రాముల కాస్టిక్ సోడా నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచితే ఫిల్మ్ పొరలుగా లేచిపోతుంది. గ్లవ్స్, అద్దాలు తప్పనిసరి, అల్యూమినియం గిన్నె వాడకూడదు. మల్టీమీటర్‌తో పక్కపక్క కాళ్ళన్నీ చూసి, ఎక్కడైనా షార్ట్ ఉంటే బ్లేడుతో గీయండి. సోల్డర్ బాగా అంటడానికి వాడే ఫ్లక్స్ రాసి, పలుచగా సోల్డర్ పూత వేస్తే రాగి నల్లబడదు.

వాడిన ద్రావణం

ద్రావణం ఒక బోర్డుతో అయిపోదు. పచ్చబడి, పావుగంటకు కూడా పని కాకుండా పోయేదాకా వాడుకోవచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి పేరు రాసిపెట్టండి. కూల్ డ్రింక్ సీసాలో, వాటర్ బాటిల్‌లో మాత్రం ఎప్పుడూ పోయకండి, పిల్లలకు తేడా తెలియదు.

పనికిరాకుండా పోయాక డ్రైనేజీలో పోయకండి, పెరట్లో గుంత తవ్వి అసలే పోయకండి. తాగే నీళ్ళ భారతీయ ప్రమాణం ప్రకారం లీటరులో రాగి 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్ళు దొరకనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. ఇందాకటి బోర్డు మీది 1.3 గ్రాముల రాగి మొత్తం కరిగితే, దాన్ని ఆ మొదటి హద్దు దాకా పలుచన చేయడానికి 26 వేల లీటర్ల నీళ్ళు కావాలి. ఏడాదికి 550 మి.మీ. చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. ఎన్ని వందల అడుగులు వేసి తెచ్చుకుంటున్నాం ఆ నీళ్ళు!

పెద్ద బకెట్‌లో ద్రావణం పోసి, బట్టల సోడాను ఒక్కో చెంచా వేస్తూ కలపండి. బుసబుసా పొంగుతుంది, అందుకే పెద్ద బకెట్, అందుకే చెంచా చెంచాగా. పొంగు ఆగిపోయి, పీహెచ్ కాగితం 8 దగ్గర చూపించేదాకా వేయాలి. రాగి, ఇనుము గోధుమ రంగు బురదగా విరుగుతాయి. ఒక రాత్రి వదిలేస్తే బురద అడుగుకు దిగుతుంది. పాత నూలు గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టండి. పైన తేరిన ఉప్పునీళ్ళను వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోసి, పిల్లలకూ పశువులకూ అందకుండా మిద్దె మీద పెట్టి, వలతో కప్పండి. మన ఎండకు నాలుగైదు రోజుల్లో ఆవిరైపోతుంది. గుడ్డలోని బురదనూ, టబ్బు అడుగున మిగిలిన ఉప్పునూ కలిపి ఎండబెట్టి, పాత పెయింట్ డబ్బాలో రెండింతల సిమెంటుతో కలిపి గట్టిపడనివ్వండి. నా దగ్గర అలాంటి డబ్బాలు మూడున్నాయి, మెట్ల కింద, మూత మీద తేదీతో.